మంచు లేకున్నా జారుడే!

ఆదివారం తెల్లవారుజాము... ఐటీ కారిడార్‌లో అద్దాల మేడలు ఇంకా నిద్ర లేవవు. వారమంతా ట్రాఫిక్‌తో ఉక్కిరిబిక్కిరయ్యే ఖాజాగూడ రోడ్డు మీద హెల్మెట్లు పెట్టుకున్న సైకిల్ ప్రియులు మాత్రం హుషారుగా గుట్టల వైపు మళ్లుతారు. వాళ్లలో చిన్నప్పుడు అద్దె సైకిల్ తొక్కడం తప్ప మరేమీ తెలియని కొత్తవాళ్లూ ఉంటారు.

కొండల్లో సైకిల్ తొక్కే సరదా 1970ల్లో కాలిఫోర్నియాలో ఊపందుకుంది. మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత సైకిళ్లకు లావు టైర్లు తగిలించి మట్టికొండల మీంచి దూసుకొచ్చేవారు. 1996 నాటికి అది అట్లాంటా ఒలింపిక్స్‌దాకా వెళ్లింది. చలిదేశాల్లోనైతే మంచు మీద తొక్కడానికి నాలుగంగుళాల వెడల్పు టైర్ల సైకిళ్లే వచ్చాయి.

మనకు మంచెక్కడిది అంటారా? మొరం ఉందిగా! ఎండకూ వానకూ గ్రానైట్ పొడిబారి రాలిన ఆ గరుకు మట్టి మీదా చక్రం సర్రున జారుతుంది. అందుకే అక్కడి పాఠాలే ఇక్కడా పనికొస్తాయి. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే నేలను బాగా పట్టుకుంటాయి. మరీ తగ్గిస్తే మాత్రం రాయి తగిలి పంక్చరే! ముందు బ్రేకు గబుక్కున నొక్కకూడదు. వేగం తగ్గించాల్సింది మలుపు రాకముందే. ఎత్తు ఎక్కేటప్పుడు తేలిక గేరులో సీటు మీదే కూర్చోవాలి. దిగేటప్పుడు రెండు పెడళ్లూ సమంగా ఉంచి, నడుము వెనక్కి జరపాలి. చూపు రాయి మీద కాదు, వెళ్లాల్సిన దారి మీద ఉండాలి. భయంతో రాయినే చూస్తుంటే సైకిలూ అటే పోతుంది.

కొత్తవాళ్లుంటే అనుభవజ్ఞుల్లో ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక ఉండటం మేలు. అందరిలో నెమ్మదిగా వచ్చేవారి వేగమే బృందం వేగం. దిగి నడిపించుకెళ్లడం నామోషీ ఏమీ కాదు. గేర్లు అలవాటవ్వాలంటే ముందు చదును దారి మంచిది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ అలాంటిదే.

ఈ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక చుట్టుపక్కల ఎన్నో గుట్టలు పునాదుల కింద కరిగిపోయాయి. వాటిని కాపాడాలంటూ 1996 నుంచే సొసైటీ టు సేవ్ రాక్స్ పోరాడుతోంది. అందుకే ఉన్న బాటలోనే తొక్కాలి, కొత్త బాటలు చీల్చకూడదు. వాన వెలిసిన వెంటనే వెళ్లి మట్టిని చాళ్లు చేయకూడదు. పడితే మోకాలి గీత పది రోజుల్లో మానుతుంది. పేల్చేసిన గుట్ట మాత్రం మళ్లీ మొలవదు!