చెమ్మంటే బెదిరే సిరా

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కల్లంలో మిరప ఆరబోసిన రైతు మబ్బు పడితే చాలు, పట్టాలు పట్టుకుని పరుగెడతాడు. చెమ్మ తగిలిన కాయ తాలులోకి పోతుంది మరి.

పెరోవ్‌స్కైట్ సిరాతో సౌరఘటాలు అచ్చువేసేవాళ్లదీ అదే దిగులు. సీసం, అయోడిన్ లవణాలను ద్రావకంలో కరిగిస్తే సిరా తయారు. పూసి ఆరబెడితే నల్లటి పొర. ఎండ తగిలితే కరెంటిస్తుంది. చెమ్మ తగిలితే పసుపురంగుకు తిరిగి చచ్చుబడుతుంది.

ఉస్మానియాలో చదివి స్విట్జర్లాండ్ వెళ్లిన మహ్మద్ ఖాజా నజీరుద్దీన్ బృందం సిరాలో అమైనోవాలరిక్ ఆమ్ల లవణం కాస్త కలిపింది. అది పొరకట్టి చెమ్మను ఆపింది. 2017లో వారు ప్రకటించిన, జానెడైనా లేని అచ్చుపలక 10 వేల గంటలకు పైగా తగ్గకుండా పనిచేసింది. సామర్థ్యం 11 శాతమే, అది వేరే సంగతి!

పది వేల గంటలంటే ఏడాది పైచిలుకు. సిలికాన్ పలకలకైతే పాతికేళ్ల పూచీ ఇస్తున్నారు. మిరపచేలో మోటారు నడవాలంటే అంతకు తక్కువైతే ఎలా?