వెయిటింగ్ రూముకు హీరో కావాలి!

సినిమా హాల్లో మూడు గంటలు కూర్చోమంటే మనకు చిటికెలో పని. అదే డాక్టరుగారి గుమ్మం ముందు ఇరవై నిమిషాలు కూర్చోమనండి... ఇరవై యుగాలు! గోడ మీద చిగుళ్ల బొమ్మలు, బల్ల మీద అట్ట చిరిగిన పత్రికలు, లోపలి గదిలోంచి గుయ్‌మంటూ మిషను చప్పుడు. చేతిలో సెల్‌ఫోను ఉన్నా కళ్లు మాత్రం తలుపు మీదే!

విశాఖపట్నంలో పళ్ల డాక్టరుగా ఉన్న నా మిత్రుడికి ఈ బాధ బాగా తెలుసు. అందుకే కొత్త క్లినిక్కులో, జనం కూర్చునేచోట, సముద్రపు చేపల తొట్టి పెట్టాలనుకున్నాడు. నాలుగడుగుల పొడవు, సుమారు 270 లీటర్ల నీళ్లు.

"ఒరేయ్, పదేళ్లుగా సినిమావాళ్ల గురించి రాస్తున్నావు. తెరమీద ఎవరు నిలబడతారో, ఎవరు తేలిపోతారో నీకు తెలుసు. ఈ చేపల్ని నువ్వే ఎంచిపెట్టాలి" అన్నాడు.

చేపలకూ సినిమాకూ ఏమిటి సంబంధం అని నవ్వకండి. ఉంది! 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' గుర్తుందిగా? ఆండ్రూ స్టాంటన్ దర్శకత్వంలో పిక్సార్ వారు తీసిన బొమ్మ. అందులో బుల్లి నీమోను సముద్రంలోంచి పట్టుకుపోయి ఎక్కడ పెట్టారు? సిడ్నీలో ఒక పళ్ల డాక్టరుగారి తొట్టిలోనే!

ఇదంతా షోకు కోసమేననుకుంటే పొరపాటు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు నోటి ఆపరేషనుకు వచ్చినవాళ్లను ముందుగా కాసేపు చేపల తొట్టి ఎదుట కూర్చోబెట్టి చూశారు. వాళ్ల బెదురు తగ్గిందని 1984లో ప్రకటించారు. ఇంగ్లండులోని ప్లిమత్ అక్వేరియంలో జరిగిన మరో పరిశీలన 2015లో అచ్చయింది. అక్కడ ఒక పెద్ద తొట్టిలో చేపల్ని పెంచుకుంటూ పోయినకొద్దీ జనం ఎక్కువసేపు నిలబడి చూశారట. ఖాళీ తొట్టి అయినా కొంత ఊరట ఇస్తుంది, నిండు తొట్టి మనిషిని కట్టిపడేస్తుంది అన్నమాట.

బాగానే ఉంది. కానీ ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది.

నాలుగేళ్ల కిందట మా అమ్మ బయాప్సీ రిపోర్టు కోసం ఒక ఆస్పత్రిలో... పేరెందుకు లెండి... గంటన్నర కూర్చున్నాం. ఎదురుగా పెద్ద తొట్టి. అందులో పసుపుపచ్చ చేప ఒకటి ఇసుక మీద పక్కకు ఒరిగిపోయి మొప్పలు మాత్రం ఆడిస్తోంది. అమ్మ రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తోంది. పక్కనున్న పెద్దాయన "అది పోయేటట్టుందమ్మా" అనేశాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అటువైపు కూర్చుందాం రా అంటే కదలలేదు. దేవుడి దయవల్ల రిపోర్టు మంచిదే వచ్చింది. కానీ ఆ చేప ఏమైందోనని ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

ఇంట్లో చేప పోతే చేప పోయినట్టే. వెయిటింగ్ రూములో చేప పోతే అది శకునం! అందుకే మావాడితో మూడు షరతులు చెప్పాను. పగలు కనబడాలి. చలాకీగా కదలాలి. కలకాలం బతకాలి. ఈ మూడింట్లో మూడోదే మొదటిది.

తారాగణం

హీరో, హీరోయిన్ వేషాలకు పోటీయే లేదు. క్లౌన్ చేపల జంట! నారింజరంగు ఒంటిమీద మూడు తెల్ల పట్టీలు. ఒళ్లంతా ఊపుకుంటూ ఈదే తీరు చూస్తేనే నవ్వొస్తుంది. మనిషిని చూసి దాక్కోవు. మంచిగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, వీటిని సముద్రంలోంచి పట్టనక్కర్లేదు. హేచరీల్లో పుట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా సాధించింది. తొట్టిలో పుట్టింది తొట్టిలో సుఖంగా ఉంటుంది. సముద్రంలో తిరిగినదాన్ని తెచ్చి అద్దాల మధ్య పెడితే దాని గోడు వేరు.

ఇంకో రహస్యం చెప్పనా? క్లౌన్ చేపలన్నీ మొదట మగవే! జంటలో పెద్దది ఆడదవుతుంది. ఆ ఆడది పోతే మగచేప ఆడదిగా మారిపోతుంది. ఆ లెక్కన తల్లి పోయిన నీమోకు సినిమాలో మిగిలిన నాన్న, అసలు శాస్త్రం ప్రకారం అమ్మ అయిపోవాలి! కథకులు ఆ సంగతి జోలికి పోలేదు.

కమెడియన్లు కూడా జంటే. రేలంగి, రమణారెడ్డి లాంటివాళ్లు! ఒకటి పిస్టల్ రొయ్య, రెండోది గోబీ. గోబీ అంటే మంచూరియా కాదు సుమా, చేప పేరు! రొయ్యకు చూపు అంతంత మాత్రం. కానీ పనిమంతురాలు. రోజంతా ఇసుక తవ్వి, బొరియ కట్టి, గులకరాళ్లు బయటికి నెడుతూ ఉంటుంది. గోబీ గుమ్మం దగ్గర కాపలా. రొయ్య తన మీసం ఒకటి చేప ఒంటిమీద ఆన్చే ఉంచుతుంది. ప్రమాదం వస్తే గోబీ తోక ఆడిస్తుంది, ఇద్దరూ ఒక్క ఉదుటున లోపలికి! మధ్యమధ్య రొయ్య తన పెద్ద కొండిని టక్కుమనిపిస్తే అద్దం పగిలిందేమోనని జనం ఉలిక్కిపడతారు.

కారెక్టర్ నటుడు క్లీనర్ రొయ్య. ఎర్రటి వీపు మీద తెల్ల గీత, పొడవాటి తెల్ల మీసాలు. చేపల ఒంటిమీదికెక్కి పురుగులు ఏరుతుంది, వాటి నోట్లో దూరి శుభ్రం చేస్తుంది. సముద్రంలో పళ్ల డాక్టరన్నమాట! ఈ క్లినిక్కుకు ఇంతకన్నా తగిన వేషధారి ఎవరు? ఒక్క జాగ్రత్త. ఇది అప్పుడప్పుడు పాత పెంకును విడిచేస్తుంది. అది అచ్చం చచ్చిన రొయ్యలా పడి ఉంటుంది. చూసినవాళ్ల గుండె జారకముందే తీసెయ్యాలి.

సగం ఊదా, సగం పసుపు రంగులో వెలిగిపోయే రాయల్ గ్రామా ఒక్కటి చాలు, గెస్ట్ ఆర్టిస్టుగా. నాచు తినిపెట్టే నత్తలు జూనియర్ ఆర్టిస్టులు. వాళ్లు లేకపోతే సీను నిండదు, అద్దమూ తేటపడదు.

వేషం దొరకనివాళ్లు

మావాడు "డోరీ లేదా?" అని బిక్కమొహం పెట్టాడు. నీలి టాంగ్ అందగత్తే. కానీ అది అడుగు పొడవు దాకా ఎదిగి, ఎడాపెడా ఈదే జీవి. నాలుగడుగుల తొట్టి దానికి జైలు. సినిమాలో తొట్టి నాయకుడు గిల్ ఉన్నాడే, ఆ మూరిష్ ఐడల్ జాతి తొట్టిలో తిండి మానేసి ప్రాణం తీసుకోవడంలో పేరుమోసింది. మాండరిన్ చేప ఒంటిమీద చీరల అంచుల్లా నీలి, నారింజ వంపులు... చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ కంటికి ఆనీ ఆనని బుల్లి జీవాల్నే ఏరుకు తింటుంది. కొత్త తొట్టిలో అవి చాలవు. జనమంతా మెచ్చుకుంటుంటే అది ఆకలితో మాడిపోతుంది.

లయన్ చేప బ్రహ్మాండమైన విలనే, ఒప్పుకుంటాను. ముళ్లలో విషం, నోట్లో పట్టే రొయ్యనల్లా మింగడం! దానితో షూటింగు మొదటిరోజే మన కమెడియన్ ఆఖరు. చవగ్గా దొరికే నీలి డామ్‌సెల్ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. స్వభావం మాత్రం వీధిరౌడీ, తోటివాళ్లను బతకనివ్వదు.

ఇక పగడాలు. పగడపు దిబ్బలు కట్టే పగడాలూ, నీటిగుర్రాలూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి ఎక్కాయి. అంటే పులితో సమానం! మన సముద్రంలోంచి పగడం ముక్క విరిచి తేవడం నేరం. అందుకే మనవాళ్లు కోటలకు చేసినట్టే సెట్టు వేయించాం. పింగాణీ రాళ్లు, వాటిలో గుహలు, పైన నీలి దీపం. చేపలు ఫిర్యాదు చెయ్యలేదు!

తెర వెనుక

సెట్టు పూర్తవగానే షూటింగు అనుకోకండి. ఉప్పునీళ్లు నింపాక నెల, నెలన్నర ఊరికే నడిపించాలి. చేపల మలినంలోంచి వచ్చే అమ్మోనియా విషం. దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు రాళ్లలో కాపురం పెట్టేదాకా హీరోకు కాల్షీటు ఇవ్వకూడదు. నీరు ఆవిరైతే ఉప్పు లోపలే ఉంటుంది గనక తగ్గినంతా మంచినీళ్లే పొయ్యాలి. మన ఎండాకాలానికి చల్లబరిచే మిషను కావాలి. కరెంటు పోతే గాలి పంపుకు బ్యాటరీ కావాలి. ఇవన్నీ సమకూరాకే చేపల దుకాణం గుమ్మం తొక్కాం.

తొట్టి పెట్టి ఎనిమిది నెలలైంది. రిసెప్షనులో కూర్చునే అమ్మాయే రోజుకు రెండుసార్లు మేత వేస్తుంది. వచ్చిన పిల్లలందరూ "పెద్దది నాన్న, చిన్నది నీమో" అని తేల్చేస్తారు. పెద్దది ఆవిడనీ, చిన్నది ఆవిడ మొగుడనీ మా డాక్టరుకు తెలుసు. పన్ను పీకబోయే పిల్లాడితో వాదనెందుకని ఊరుకుంటాడు!

మీరూ ఎప్పుడైనా ఏ డాక్టరుగారి దగ్గరో కూర్చోవలసి వస్తే, ఎదురుగా తొట్టి ఉంటే, రంగులు చూసి సంబరపడటంతో సరిపెట్టకండి. "ఇవి హేచరీలో పుట్టినవా, సముద్రంలో పట్టినవా?" అని ఒక్క మాట అడగండి. పదిమంది అడిగితే పదకొండో తొట్టి పెట్టేవాడు ఆలోచిస్తాడు. మన భయం పోగొట్టడానికి ఇంకో ప్రాణి భయంతో బతకనక్కర్లేదు కదా! ఏమంటారు?