విమానం వాళ్ళ వాతావరణం చీటీ

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి, కొత్తల్లుడు హైదరాబాదు నుంచి పొద్దున్న విమానంలో గన్నవరం వస్తామన్నారు. మావారు తెల్లవారకుండానే కారు మాట్లాడుకుని మంగినపూడి నుంచి బయలుదేరారు. నేను అరిసెల పాకం ముందు కూర్చున్నానన్న మాటేగానీ ధ్యాసంతా ఫోను మీదే. ఎనిమిదయింది. “విమానం దిగలేదు, మంచట” అని మావారి ఫోను. అమ్మాయి ఫోను పలకదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పాకం కాస్తా ముదిరిపోయింది.

పండక్కొచ్చిన మా మేనల్లుడు “కంగారు పడకత్తా! విమానాశ్రయాల వాతావరణం ఎప్పటికప్పుడు చీటీలా ఇస్తారు, చూద్దాం” అంటూ తన ఫోనులో ఒక వరస చూపించాడు.

“విఓబిజెడ్ 120230జెడ్ 00000కెటి 0200 ఎఫ్‌జి 18/18 క్యూ1016.”

“ఇదేం మంత్రంరా!” అన్నాను. ముక్కముక్కా విడదీసి చెప్పాడు.

విఓబిజెడ్ అంటే గన్నవరం. ప్రతి విమానాశ్రయానికీ ఇలా నాలుగక్షరాల పేరుంటుంది. 12 తేదీ. 0230 గ్రీనిచ్ టైము. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన ఎనిమిది గంటలు. తర్వాతది గాలి. మొదటి మూడంకెలు ఏ దిక్కు నుంచి వీస్తోందో చెబుతాయి. 090 అయితే తూర్పు, 180 దక్షిణం, 270 పడమర, 360 ఉత్తరం. తర్వాతి రెండూ వేగం, నాట్లలో. నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. అన్నీ సున్నాలైతే ఆకు కూడా కదలడం లేదన్నమాట. 0200 అంటే రెండు వందల మీటర్ల వరకే కళ్ళకి ఆనుతుంది. అక్కడ 9999 ఉంటే పది కిలోమీటర్లు, ఆ పైన. ఎఫ్‌జి దట్టమైన పొగమంచు, బిఆర్ పల్చటి మంచు, ఆర్ఏ వాన, టిఎస్ ఉరుములు.

18/18 మాత్రం మన వంటింటి లెక్కే. మొదటిది గాలి వేడి. రెండోది, ఎంతకి చల్లబడితే గాలిలోని తడి నీటిబొట్లవుతుందో ఆ వేడి. చల్లనీళ్ళ గ్లాసుకి బయట చెమట పట్టదూ, అదే! రెండంకెలూ కలిసిపోతే మంచు పట్టే సూచన. చివరి క్యూ గాలి ఒత్తిడి. తుపాను దగ్గరకొస్తుంటే అది పడిపోతుంది.

తొమ్మిదింటికి మళ్ళీ చూస్తే 1500 బిఆర్ 20/18. నాకే అర్థమైపోయింది, మంచు విడుతోందని! ఇంతలో అమ్మాయి ఫోను. “అమ్మా, మమ్మల్ని వెనక్కి హైదరాబాదు తెచ్చేశారు. మళ్ళీ బయలుదేరతాం” అంది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇల్లు చేరారు.

అంతా విన్న మా అత్తయ్యగారు “ఒరే అబ్బాయ్, బందరు రేవులో నంబరు ఎగరేశారంటారు కదా, దానికీ ఇలాగే అర్థముందా?” అన్నారు. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో పుట్టింటివాళ్ళని పోగొట్టుకున్న మనిషి.

ఉందన్నాడు వాడు. నంబరు పెరిగితే ప్రమాదం పెరిగిందనే నేనిన్నాళ్ళూ అనుకున్నాను. అంతమాత్రమే కాదట. 5 అంటే తుపాను దారికి రేవు ఎడమవైపున ఉంటుంది, 6 అంటే కుడివైపున, 7 అంటే తుపాను రేవు మీదుగానో, పక్కనుంచో పోతుంది. తీవ్ర తుపానుకి 8, 9, 10 కూడా అదే వరస. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. మన తీరంలో తుపానుకి కుడివైపునే గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. 1977లో తుపాను చీరాల వైపు తీరం దాటింది, దివిసీమ దాని కుడివైపున ఉంది.

అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆ కుడీ ఎడమా ఒక కాగితం మీద రాసి పెట్టవే” అన్నారు.

రాశాను. వంటింట్లో పాల లెక్క కాలెండరు పక్కనే అతికించాను. తుపానప్పుడు రేడియోలో, టీవీలో ఏం చెబితే అది చేయాల్సిందే, ఊరు ఖాళీ చేయమంటే చేయాల్సిందే. కానీ ఎందుకు చెబుతున్నారో తెలిస్తే కాలు త్వరగా కదులుతుంది. సముద్రం ఒడ్డున కాపురాలు చేసుకునే అక్కచెల్లెళ్ళు మీరూ రాసి పెట్టుకోండి. అరిసెల పాకానికి తగలెయ్యకుండా కూడా పనికొస్తుంది!