పటమున పట్టిన ఆవర్తనము

పుష్య బహుళ పంచమి, త్యాగరాజస్వామి ఆరాధన దినమున, విజయనగరములో ఒక చిన్న సభామందిరమందు జరిగిన వీణకచ్చేరిలో నేను 640 ఛాయాచిత్రములు తీసితిని. ఇంటికి వచ్చి తెల్లవారుదాక ఒక్కొక్కటిగా తిప్పి చూచుకొన్నను, ఆ రాత్రి నేను విన్న వీణ వానిలో ఏ ఒక్కదానియందును కానరాలేదు. మెట్టు మీద వ్రేలున్నది, తీగె యున్నది, అరమోడ్పు కన్నులున్నవి. శ్రీరాగ పంచరత్నము నడచుచుండగా మందిరమంతయు ఒక్కటై ఊగిన ఊపు మాత్రము లేదు.

కెమెరా కన్ను సెకనులో 125వ వంతు కాలము తెరచుకొని మూసికొనును. ఆదితాళమున ఆవర్తనమునకు ఎనిమిది అక్షరములు. అక్షరమునకొక సెకను చొప్పున నడచినచో ఒక్క ఆవర్తనములో అట్టి తునుకలు వేయి పట్టును. ఆ వేయింటిలో ఒకదానిని ఏరి తెచ్చి ఇదియే కచ్చేరి యని చూపుట, చరణమంతయు విని వచ్చి ఒక్క హల్లును పలికి వినిపించుట వంటిది. అందుచేతనే కొన్నేండ్లుగా నేను వేరొక పనికి అలవాటుపడితిని: ఒకే రాత్రి ఒకే వేదికయొద్ద వేరువేరు క్షణములందు తీసిన పటములను కంప్యూటరులో పొరలుగా ఒకదానిపై నొకటి పేర్చి, అక్కరలేని భాగమును మాస్కుతో మరుగుపరచి, అతుకని అంచులను, కెమెరాకు చిక్కని నీడలను పెన్ టాబ్లెట్ మీద డిజిటల్ కుంచెతో పూరించి, అన్నింటిని కలిపి ఒక్క చిత్రముగా కూర్చుట.

ఇది నేటి యంత్రములతో పుట్టిన విద్య యని తలచువారు మన యిండ్ల గోడలను ఒకమారు పరికింపవలెను. బ్రదికియున్నంతకాలము జంటగా ఒక్క ఫోటో అయినను దిగని తాతగారిని, నాయనమ్మగారిని, వారు పోయిన పిమ్మట, ఆయనను ఏదో పెండ్లి గుంపులోనుండి, ఆమెను ఏ రేషను కార్డు బిళ్లలోనుండియో తీసి, పక్కపక్కన నిలిపి, ఆమె చీరకు రంగద్ది, ఆయన భుజమున కండువా దిద్ది, చట్రము కట్టి ఇచ్చిన ఊరి స్టూడియో చిత్రకారుడు చేసినది ఈ పనియే. ఆ పటమునకు మనము పూలదండ వేయుదుము. అది అబద్ధమని ఎవ్వరును అనరు, ఏలయనగా ఆ యిద్దరు కలిసి బ్రదికిన మాట నిజము గనుక. ఇంగ్లండులో ఆస్కార్ రైలాండర్ అను ఛాయాచిత్రకారుడు 1857లో ముప్పదికి పైగా నెగటివులను కలిపి ‘టూ వేస్ ఆఫ్ లైఫ్’ అను పెద్ద పటమును కూర్చెను. దానిని చూచి నిందించినవారును ఉండిరి, విక్టోరియా రాణి మాత్రము ఒక ప్రతిని కొనెను. ఆయన చీకటిగదిలో దినముల తరబడి పడిన శ్రమను, 1994లో ఫోటోషాప్ మూడవ రూపమున పొరల సదుపాయము వచ్చినది మొదలు, మనము బల్లయొద్ద కూర్చుండి చేయుచున్నాము. చేయి తేలికయైనది, చూపునకు, మనసునకు పెట్టవలసిన పరీక్ష మాత్రము ఏమియు తగ్గలేదు.

ఆ పరీక్ష ఎట్టిదో ఆ రాత్రి పటములతోనే చెప్పెదను. విజయనగరము 1919లో సంగీత కళాశాల వెలసిన యూరు. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు 1936లో దానికి ప్రధానాచార్యులైరి. అట్టి యూర ముందువరుస శ్రోతలు చెవులతోపాటు చేతులతోను విందురు. ఆనాడు వేదికకు ఎడమవైపున కూర్చున్న ఒక పెద్దాయన కచ్చేరి ముగియుదాక తొడమీద తాళము తప్పలేదు. ఒక ఘాతము, చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు, మరల ఘాతము, విసర్జనము, ఘాతము, విసర్జనము. ఆ యెనిమిదింటిని ఒక్క ఆవర్తనములోనే వరుసగా తీయగలిగితిని. వానిని ఎనిమిది పొరలుగా పరచి, సమమునందలి ఘాతమును నిండుగా నిలిపి, తక్కినవానిని ఆవిరివలె పలుచన చేసితిని. ముదుక చర్మముగల ఆ చేయి విప్పిన విసనకఱ్ఱవలె చిత్రమున ఎడమమూల నిలిచెను. దానికెదురుగా, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమ్రానును తొలిచి చేసిన వీణతో, విదుషి.

ఇక్కడ రంగుల చిక్కు వచ్చెను. నేటి వేదికల మీది ఎల్‌ఈడీ దీపములు కళాకారుల మొగములపై గులాబి, ఊదా వెలుగులు కుమ్మరించును; ఎరుపు, నీలము హద్దు మీరగా, చెంపయెముక క్రింది పల్లము, కంటికొస ముడుత, అన్నియు ఒక్కతీరున అలికినట్లగును. అట్టిచోట దిద్దుటకు పటమున ఏమియు మిగిలియుండదు, చిత్రింపవలసినదే. కచ్చేరి మొదట, తెల్లని దీపములు మాత్రమే వెలుగుచుండగా, ఆమె శ్రుతి సరిచేసికొనునప్పుడు తీసిన పటమును ప్రక్కన పెట్టుకొని, ఆ ముడుతలనే చూచి వేసితిని. ఊహించి ఒక్క గీతయు గీయలేదు. వేసిన పిమ్మట ఇంకొక పని కలదు. ఐఎస్ఓ 6400 వద్ద తీసిన పటమంతట సన్నని రవ్వ పరచుకొనియుండును. కుంచె తాకినచోటు నున్నగా, మైనము పూసినట్లు వేరుపడును. ఆ నునుపు మీదను అదే రవ్వ చల్లిననేగాని చెంప తిరిగి మొగమున కలియదు. ఈ పనిలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టమిది.

ఇంతలో నేనొక తప్పు చేసితిని. నాకు నచ్చిన పటమున ఆమె చూపు మార్దంగికుని వైపు, అనగా చిత్రమున కుడివంకకు పోవుచున్నది. శ్రోత ఎడమమూల నున్నాడు. ఇరువురిని ఒక్క చూపు కలుపవలెనను ఆతురతలో ఆమె యున్న పొరను అద్దములో బింబమువలె అడ్డముగా తిప్పితిని. చూపు వచ్చి ఆయన చేతిమీద వ్రాలినది! దీపపు సెమ్మె వెలుగు మొగమునకు రెండవవైపు పడుటచే నీడలన్నియు తిరిగి చిత్రించి, తృప్తిపడి, 18 అంగుళముల వెడల్పు, 12 అంగుళముల ఎత్తున అచ్చు తీయించి, పెద్దాయన యింటికి తీసికొనిపోతిని. ఆయన కళ్లజోడు సవరించుకొని చాలసేపు చూచెను.

“ఈవిడ ఎడంచేత్తో మీటుతోందేటి బాబూ? పమిటా అటే పోయింది.”

నాకు నోట మాట రాలేదు. వీణకుండ ఆమె ఎడమవైపునకు పోయినది. మెట్లమీద నడువవలసిన ఎడమచేయి కుడిచేయి యైనది. ఏండ్ల సాధనతో ఒక్కొక్క చేతికి అబ్బిన విద్యను నేను ఒక్క మీటతో తారుమారు చేసితిని. జరిగిన క్షణములను దగ్గరకు చేర్చుట వేరు, జరుగనిదానిని జరిగినట్లు చూపుట వేరు. తాత నాయనమ్మల పటమున స్టూడియో చిత్రకారుడు పాటించిన ఈ భేదమును నేను మరచితిని. నాటినుండి అట్టి ప్రతి చిత్రము క్రింద, ఇది పలు క్షణముల కూర్పని వ్రాయుచున్నాను. ఏ పొరను అద్దపుబింబముగా తిప్పను.

తిరిగివచ్చి 640 పటములను మరల మొదటినుండి చూచితిని. పనికిరావని పక్కన పెట్టినవానిలో, చీకటివేళ 15వ వంతు సెకను తీసిన ఒకదానిలో, మీటు వ్రేళ్లు పొగవలె కరిగిపోయియున్నవి, జరీయంచు చెదరియున్నది. కాని ఆమె తల యెత్తి సభవైపు, ఎడమవంకకు, చూచుచున్నది. చెదరిన వ్రేళ్లను చెదరినట్లే యుంచితిని, తీగె అదురునప్పుడు కంటికి కనబడునది అదియే గనుక. కంటిరెప్పలను, పెదవికొసను మాత్రము శ్రుతివేళ పటమును చూచి నాలుగు రాత్రులు కూర్చుండి దిద్దితిని.

రెండవ అచ్చును పెద్దాయన కిటికీ వెలుగులో పట్టుకొనెను. వీణను చూడలేదు, తన చేతులను చూడలేదు. ఆయన ఎడమచేతి చూపుడువ్రేలు కాగితముమీద ఆమె కంటియొద్దనుండి తన మూలదాక మెల్లగా జరిగెను. కుడిచేయి అప్పటికే తొడను తట్టి, చిటికెనవ్రేలిని దాటి, ఉంగరపువ్రేలికి వచ్చినది.

“ఇక్కడే బాబూ. ఇక్కడే చూసింది నా వేపు.”