ఆయమ్మ పేరేంది?

పండగ సెలవులు అనే మాట వింటే నాకు ముందుగా వచ్చే సందేహం, సెలవు ఎవరికని. బడికి సెలవు, కాలేజీకి సెలవు, బెంగుళూరులో ఉద్యోగం చేసే మగపిల్లలకి సెలవు. మా సదుంలో పొయ్యికి మాత్రం సెలవు లేదు. సంక్రాంతి వారం ఉందనగానే దానికి ఓవర్‌టైం మొదలవుతుంది. నిప్పట్లు, కజ్జికాయలు, అరిసెలు, ఆ తర్వాత ఓళిగలు. కనుమ నాటికి ఆడవాళ్లందరి నడుములూ పడిపోయి ఉంటాయి. ఆ సరికి మగవాళ్లు పుంగనూరుకో మదనపల్లెకో పోయి కొత్త సినిమా చూసి వచ్చేస్తారు. ఏ హీరో సినిమా గెలిచింది, ఎవరి ఫ్లెక్సీ ఎంత ఎత్తు అని అరుగు మీద చర్చ జరుగుతూ ఉంటుంది. ఆ చర్చకి టీలు లోపలి నుంచి వస్తుంటాయి.

సినిమా నటుల్ని పండగలా జరుపుకోవడం మనకి తెలియని విషయం కాదు. పుట్టినరోజులు, పాలాభిషేకాలు, అభిమాన సంఘాలు అన్నీ ఉన్నాయి. కానీ ఆ సంఘాల్లో మా చిన్నమ్మలు, అత్తలు ఎవరైనా సభ్యులుగా ఉన్నారా? వాళ్లకి నచ్చిన నటి గురించి వాళ్లని ఎవరైనా అడిగారా? నా పిహెచ్‌డి రంగస్థల స్త్రీల జీవితకథల మీద. ఐదేళ్లు గ్రంథాలయాల్లో కూర్చుని ఎవరెవరి పేర్లో వెతికాను. మా ఇంట్లో వాళ్లని మాత్రం ఈ ప్రశ్న అడగాలని ఎప్పుడూ తోచలేదు.

మొన్నటి సంక్రాంతికి ఆ అవకాశం వచ్చింది. మా తమ్ముడు బెంగుళూరు నుంచి చిన్న ప్రొజెక్టరు తెచ్చాడు. కనుమ నాటి సాయంత్రం ఊరి బయట చిట్లకుప్ప కాల్చి, పశువుల్ని తోలుకుని వచ్చాక మగవాళ్లు వాళ్ల కబుర్లలో పడ్డారు. మేము పడసాలలో గోడకి తెల్ల దుప్పటి కట్టుకున్నాం. అవ్వ, ఇద్దరు చిన్నమ్మలు, మేనత్త, పక్కింటి వాళ్లు ముగ్గురు, పిల్లలు. చలికి అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు.

నేను ఎంచుకున్నవన్నీ నూరేళ్లు దాటిన పొట్టి మూకీలు. అందుకు ఒక కారణం ఉంది. మూడు గంటల సినిమా చూసే తీరిక ఆ ఇంట్లో ఏ ఆడమనిషికీ లేదు. పాలు పొంగుతాయి, పిల్లాడు లేస్తాడు, ఎవరో మంచినీళ్లు అడుగుతారు. నాలుగు నిమిషాల సినిమా అయితే పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి కూడా చూడొచ్చు. పైగా మాటల్లేని సినిమాకి చదువుతో పనిలేదు. మధ్యమధ్య వచ్చే ఇంగ్లీషు అక్షరాలు నేను చదివి చెప్పాను. కొంతసేపయ్యాక అదీ అక్కర్లేదన్నారు.

మొదట వేసింది 1906లో ఫ్రాన్సులో ఆలిస్ గీ తీసిన సినిమా. నిండు చూలాలు ఒకావిడ వీధిలో నడుస్తూ ఉంటుంది. వెనక భర్త పిల్లబండి తోసుకుంటూ వస్తుంటాడు. ఆవిడకి కనపడినవన్నీ కావాలనిపిస్తుంది. చిన్నపిల్ల చేతిలో మిఠాయి లాక్కుని చప్పరిస్తుంది. ఎవరో తాగుతున్న సారా గ్లాసు ఎత్తి గటగటా తాగుతుంది. ఒకతని పొగగొట్టం లాక్కుని పీలుస్తుంది. ప్రతిసారీ కెమెరా దగ్గరికి వచ్చి ఆవిడ ముఖాన్నే చూపిస్తుంది. ఆ ముఖంలో సిగ్గు లేదు, భయం లేదు, పట్టరాని తృప్తి ఒక్కటే ఉంది. చివరికి క్యాబేజీ తోటలో బిడ్డ దొరుకుతుంది.

మా పడసాల ఘొల్లుమంది. అంతవరకూ నోరు విప్పని పక్కింటావిడ "నాకు చింతకాయ ఆశ, దొంగతనంగా చెట్టెక్కినా" అంది. అవ్వ అయితే కడుపుతో ఉన్నప్పుడు గోడ సున్నం గీక్కుని తిన్న సంగతి చెప్పింది. "మీ జేజినాయన చూసుంటే చంపేసుంటాడు" అని నవ్వింది. ఎనభై దాటిన మా అవ్వ కోరికల గురించి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. వేవిళ్లు, ఆశలు అని మనం సాహిత్యంలో ఎన్ని చదవలేదు! అవి దాదాపు అన్నీ పుట్టబోయే బిడ్డ గొప్పతనానికి గుర్తులు. ఈ సినిమాలో కోరిక అచ్చంగా ఆవిడదే.

నవ్వులు తగ్గాక అవ్వ అడిగింది. "ఆయమ్మ పేరేంది మే?"

తెలీదన్నాను.

"తెలీదా? అంత బాగా ఆడింది కదా, పేరు లేకుండా యాడికి పోతుంది?"

ఆ సినిమాలో ఎవరి పేరూ వెయ్యలేదు. ఆ కాలంలో వేసేవాళ్లు కాదు. నటుల పేర్లు బయటికొస్తే జీతాలు ఎక్కువ అడుగుతారని కంపెనీల భయం. అమెరికాలో ఫ్లారెన్స్ లారెన్స్ అనే నటిని జనం గుర్తుపట్టి అభిమానించినా, ఆమె పనిచేసిన బయోగ్రాఫ్ కంపెనీ పేరు చెప్పలేదు. ప్రేక్షకులు ఆమెని 'బయోగ్రాఫ్ పిల్ల' అనే పిలుచుకున్నారు. ఆమె వేరే కంపెనీకి మారాక ఆ కొత్త యజమాని కార్ల్ లెమ్లే 1910లో ఆమె పేరుని ప్రచారంలోకి తెచ్చాడు. అదీ ఆమె మీద గౌరవంతో కాదు, టిక్కెట్ల కోసం. ఫలానావారి పిల్ల, ఫలానావాడి పెళ్లాం అని పిలవడం మన ఊళ్లకి కొత్తా? మా వీధిలో సగంమంది ఆడవాళ్ల పేర్లు నాకు రేషను కార్డుల్లో చూశాకే తెలిశాయి.

నటి పేరు సరే, తీసినామె సంగతి చూడండి. ఆలిస్ గీ 1873లో పుట్టింది. గోమాఁ కంపెనీలో సెక్రటరీగా చేరి, 1896 నుంచి సినిమాలు తీసింది. కొన్నేళ్లపాటు ఆ కంపెనీ చిత్రనిర్మాణమంతా ఆమె చేతిమీదుగా నడిచింది. పెళ్లయ్యాక అమెరికా వెళ్లి 1910లో సోలాక్స్ పేరుతో సొంత కంపెనీ పెట్టింది. 1922లో విడాకులతో ఫ్రాన్సుకి తిరిగి వెళ్లాక మళ్లీ ఒక్క సినిమా కూడా తియ్యలేకపోయింది. తను తీసినవాటిని కొన్ని చరిత్ర పుస్తకాల్లో మగవాళ్ల పేర్ల కింద చూసుకుంది. ఆ సినిమాల కోసం వెతుక్కుంటూ తిరిగింది. 1968లో చనిపోయింది. ఆత్మకథ అచ్చులో చూసుకునే భాగ్యం కూడా లేదు, అది 1976లో వచ్చింది.

ఇదంతా ఎక్కడో ఫ్రాన్సు గొడవ అనుకుంటారేమో. కాదు. మనం తెలుగు సినిమా పితామహుడు అని పిలుచుకునే రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో మద్రాసులో ఒక యంత్రం కొన్నారు. పేరు క్రోనో మెగాఫోన్. గ్రామఫోను పాటకి తెర మీది బొమ్మని జతచేసి చూపించే యంత్రం. దానితో ఆయన డేరాలు వేసి పొట్టి సినిమాలు ఆడించారు, బర్మా, సింహళం దాకా తీసుకువెళ్లారు. మన సినిమా చరిత్ర అక్కడి నుంచే మొదలుపెడతాం. ఆ యంత్రం గోమాఁ కంపెనీదే. దాని తొలి రూపానికి 1902 నుంచి 1906 వరకు నూటికి పైగా పాటల చిత్రాలు తీసింది ఆలిస్ గీ. వెంకయ్యగారి డేరాలో ఆడినవాటిలో ఆమెవి ఉన్నాయని నేననడం లేదు. ఆ యంత్రం మన గడప తొక్కేసరికి దాని వెనక ఒక స్త్రీ పదేళ్ల పని ఉందని మాత్రం అంటున్నాను. పితామహుడికి పురస్కారం ఉంది, ఉండాలి కూడా. ఈమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో కూడా నేను చూడలేదు.

రెండోది 1916 నాటి చాప్లిన్ సినిమా, 'బిహైండ్ ది స్క్రీన్'. సినిమా స్టూడియోలో జరిగే కథ. వేషం కోసం వచ్చిన పల్లెటూరి అమ్మాయిని పొమ్మంటారు. అదే సమయానికి పనివాళ్లు సమ్మెకి దిగుతారు. ఆ అమ్మాయి మగవాళ్ల బట్టలు వేసుకుని, టోపీలో జుట్టు దాచుకుని వస్తే వెంటనే పని దొరుకుతుంది. ఆ పాత్ర వేసింది ఎడ్నా పర్వియన్స్. చాప్లిన్‌తో ముప్పైకి పైగా సినిమాల్లో చేసింది. ఈసారి అవ్వ అడక్కముందే పేరు చెప్పాను. చాప్లిన్‌ని పిల్లలు కూడా గుర్తుపట్టారు. ఎడ్నా పేరు ఎవరూ వినలేదు. ఆ టోపీ, ఆ బెత్తం, ఆ వదులు ప్యాంటు వేషాన్ని చాప్లిన్ మొదట వేసుకున్నది 1914లో మేబెల్ నార్మండ్ సినిమా కోసమనీ, ఆమె నటే కాదు దర్శకురాలు కూడా అనీ చెబితే మా తమ్ముడు నమ్మలేదు. ఫోన్‌లో వెతికి చూసుకుని ఊరుకున్నాడు.

"మొగోడి గుడ్డలేసుకుంటే పని దొరికిందే! ఈ తెలివి మనకి ముందే వచ్చుంటే..." అంది మా చిన్న చిన్నమ్మ. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

మా వైపు వేషం కొత్త కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీరకట్టి, జడవేసి, బొట్టుపెట్టి మొక్కు తీర్చుకుంటారు. అది భక్తి. కానీ ఇంట్లో ఆడపిల్ల పంచె కట్టి, మీసం దిద్దుకుంటే అది తలబిరుసు. ఈ సంగతి చిన్నమ్మకి నాకంటే బాగా తెలుసు. తొమ్మిదో తరగతిలో బడి వార్షికోత్సవానికి ఆమె మునసబు వేషం వేసింది. ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ రాత్రే ఇంట్లో "ఆడింది చాలు" అన్నారు. పదో తరగతి కాగానే పెళ్లి చేశారు. ఆమె నటన ఆ తర్వాత వంటింట్లోకి చేరింది. కరెంటు బిల్లు ఇచ్చే మనిషి, పెళ్లిచూపులకి వచ్చే పెద్దమనుషులు, టమేటా మండీలో ధర తగ్గించే దళారి, అందరినీ అచ్చం దించేస్తుంది. ముగ్గురు నలుగురు ఆడవాళ్లకే తెలిసిన నటి ఆమె.

మన సినిమాలో తొలినాళ్ల స్త్రీల సంగతి ఆలోచిస్తే, వాళ్లలో చాలామంది కుటుంబమో సమాజమో గీసిన గీత దాటి వచ్చినవాళ్లే. 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర వేసిన సురభి కమలాబాయి నాటకమే ఇల్లుగా ఉన్న సురభి సమాజం నుంచి వచ్చింది. ఆ సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరం చెప్పుకున్నాం. కాదు, 1932 ఫిబ్రవరి 6 అని పరిశోధకుడు రెంటాల జయదేవ ఆధారాలతో తేల్చారు. ఒక తేదీ కోసం అంత శ్రమ పడ్డారంటే సంతోషమే. 1940లో 'బారిస్టరు పార్వతీశం'తో తెరమీదికి వచ్చిన జి. వరలక్ష్మి అప్పటికి ఇంకా చిన్నపిల్ల. తర్వాత పెద్ద నటి అయింది, 1968లో 'మూగజీవులు' సినిమాకి దర్శకత్వం వహించింది. ఆ సంగతి మన సినిమా అభిమానుల్లో ఎంతమందికి గుర్తుంది? పేర్లు తెలిసినవాళ్ల సంగతే ఇది. గుంపులో నిలబడ్డవాళ్లు, నవ్వించి పక్కకి తప్పుకున్నవాళ్లు ఎందరో!

నటీమణుల్ని తలుచుకోవడం అంటే దండలు వెయ్యడం కాదని నాకనిపిస్తుంది. అవ్వ అడిగినట్టు అడగాలి. ఆయమ్మ పేరేంది, ఏ ఊరు, ఎంత ఇచ్చారు, తర్వాత ఏమైంది? ఈ నాలుగు ప్రశ్నలూ అడిగితే సగం సినిమా చరిత్ర తిరగరాయాల్సి వస్తుంది.

ఆ రాత్రి ఎడ్నా సినిమా అయిపోయాక ప్రొజెక్టరు వెలుగు అలాగే దుప్పటి మీద పడుతోంది. చిన్నమ్మ లేచి తమ్ముడి తువ్వాలు తలకి చుట్టుకుని ఆ వెలుగులోకి వెళ్లి నిలబడింది. మాట లేదు. పండగ నాడు భోజనానికి కూర్చున్న మగమనిషిని చేసి చూపించింది. కూర్చోవడం, మీసం సవరించుకోవడం, ఉప్పు తక్కువైందని కనుబొమ్మ ఎత్తడం, నీళ్లగ్లాసు చేతికి అందేంత దూరంలో ఉన్నా లోపలికి చూసి వేలు ఊపడం. అవ్వకి నవ్వి నవ్వి పొర పోయింది. మా తమ్ముడు కూడా నవ్వాడు గానీ, కాసేపయ్యాక లేచి వెళ్లి తన గ్లాసు తనే నింపుకున్నాడు.

మా అక్క కూతురు అదంతా ఫోన్‌లో తీసింది. ఇది నలుగురూ చూడాలి, పేరుతో సహా పెడదాం అని పిల్లలు గోల చేశారు. నేనూ అవునన్నాను. చిన్నమ్మ తువ్వాలు విప్పి మడతపెడుతూ "వద్దు" అంది. "నా బిడ్డ అత్తగారింట్లో చూస్తే దానికి మాట వస్తుంది. మీరు నగితిరి కదా, చాలు."

నాకు వెంటనే మాట రాలేదు. పేర్లు చెరిపెయ్యడం ఎంత హింసో చెబుతూ వచ్చినదాన్ని. కానీ ఇక్కడ పేరు చెబితే శిక్ష పడేది ఆమెకి, ఆమె కూతురికి. పరిశోధకురాలిగా నాకున్న ఆరాటం కోసం ఆ బరువు ఆమె ఎందుకు మొయ్యాలి? ఒకప్పుడు పేరు దాచింది కంపెనీ, లాభం కోసం. ఇప్పుడు దాచుకుంటున్నది ఈమె, కూతురి కోసం. రెండూ ఒకటి కావు. అయినా రెండింటి చివరా మిగిలేది పేరులేని నటే. ఈ ముడి ఎలా విప్పాలో నాకింకా తెలియదు. ఈ వ్యాసంలో పేరు రాయొచ్చా అని ఫోన్ చేసి అడిగాను. మళ్లీ వద్దంది. రాయలేదు.

పండగ అయిపోయి నేను బస్సెక్కే ముందు సంచిలో నిప్పట్లు సర్దుతూ నెమ్మదిగా అడిగింది. "ఆ వీడియో నా ఫోనుకి మాత్రం పంపించు. ఎవరికీ చెప్పద్దు." పంపించాను. రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు. పుంగనూరు దాటకముందే చూసినట్టు గుర్తు పడింది.