ఇచ్చోడలో లెక్కల క్లాసు

నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదుంది ఇచ్చోడ. డిసెంబరులో ఇక్కడి చలి ఎముకలు కొరికేస్తుంది. ఆ చలిలోనే, ప్రార్థనకు ముందే, ఓ సర్కారు బడిలో పదో తరగతి స్పెషల్ క్లాసు మొదలైంది. లెక్కల్లో వెనకబడ్డవాళ్లను సారు ముందు వరుసలో కూర్చోబెట్టుకున్నారు. వాళ్లలో ఇంట్లో గోండీ, లంబాడీ, మరాఠీ మాట్లాడే పిల్లలూ ఉన్నారు.

సమీకరణం చేస్తూ ఒక అమ్మాయి బోర్డు మీద –3 –5 = 8 అని రాసింది.

“ఎట్లొచ్చింది బిడ్డా?”

“మైనస్, మైనస్ ప్లస్ అయితది గద సార్.”

సారు తప్పనలేదు. “దుకాణంల మూడు రూపాయలు బాకీ ఉన్నవ్. ఇంకో ఐదు బాకీ చేసినవ్. ఇప్పుడు?”

“ఎనిమిది ఇయ్యాలె.”

“ఇయ్యాలెనా, నీకు రావాలెనా?”

ఆమె గబగబా ఎనిమిది ముందు గీత పెట్టింది. గుణకారం సూత్రాన్ని కూడికకు వాడింది, అంతే. ఏడో తరగతిలో పడ్డ ముడి ఇన్నాళ్లూ ఎవరూ విప్పలేదు. పత్తి ఏరే రోజుల్లో బడి మానిన పిల్లలు తిరిగొచ్చేసరికి పాఠం దాటిపోతుంది, మళ్లీ చెప్పేవాళ్లుండరు.

వెనక బెంచీ పిల్లాడు 2.3ను 7,000తో గుణించలేక తలొంచుకున్నాడు. “క్వింటా ఏడు వేలైతే రెండు క్వింటాళ్ల ముప్పై కిలోలకెంత?” అని సారు అడగ్గానే, “పద్నాలుగు వేలు, పది కిలోలకు ఏడు వందలు... పదహారు వేల నూరు” అన్నాడు. ఆ నోటిలెక్కనే సారు దశాంశాల్లో రాయించారు. 1985లో అచ్చయిన ఒక అధ్యయనంలో బ్రెజిల్‌లోని రెసీఫే వీధుల్లో సరుకులమ్మే పిల్లలు బేరంలో దాదాపు అన్ని లెక్కలూ సరిగ్గా చేశారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే సరయ్యాయి. ఇలాంటి పిల్లలను మొద్దులనడం అన్యాయం.

పబ్లిక్ పరీక్ష 80 మార్కులకు. 28 వస్తే గట్టెక్కినట్టే. అందుకే సమితులు, గ్రాఫులు, సాంఖ్యక శాస్త్రం మళ్లీ మళ్లీ చేయిస్తున్నారు. దాన్ని నేను తప్పుపట్టను. ఫెయిలైన ఆడపిల్ల చదువు చాలా ఇళ్లలో అక్కడితో ఆగిపోతుంది. కానీ బాకీ లెక్కతో విప్పిన ముడి పై క్లాసుల్లోనూ పనికొస్తుంది. అది విప్పడానికి పరీక్షల ముందు మూడు నెలలు చాలవు. ఏడో తరగతిలోనే, పత్తి చేల నుంచి పిల్లలు తిరిగొచ్చిన వారమే, తప్పిన పాఠాన్ని మళ్లీ చెప్పేందుకు టైంటేబుల్లో ఒక పీరియడ్ కావాలంటున్నారు సారు. ఒక్క పీరియడే.