మాటకు మాట

రెండేళ్లు నిండినా మా బాబుకు మాటలు రాలేదు. చెవులు పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉందన్నారు. పొలం పనుల తొందరలో, వాడు ఏడవకుండా సెల్‌ఫోను చేతికిచ్చేవాళ్లం. అది ఎంతసేపైనా మాట్లాడేది గాని, వాడు "ఊ" అంటే బదులు పలికేది కాదు.

2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించి చూసింది. మనిషి ఎదుట కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు. టీవీలో విన్న పిల్లలు పట్టుకోలేకపోయారు.

చదువురాని వాడి నాయనమ్మకు ఇది ముందే తెలుసు. "ఏదిరా కాకి?" అని అడిగి, వాడు "కా" అనేవరకు ఆగేది. "అవును నాన్నా, కాకి వచ్చింది" అని మాట కలిపేది. మేమూ అలాగే మొదలుపెట్టాము. నాలుగు నెలలకు, ఒక సాయంత్రం వాడే మమ్మల్ని అడిగాడు: "ఏదీ కాకి?"

ప్రియమైన తల్లిదండ్రులారా, బిడ్డ "ఊ" అంటే బదులు పలకండి.